ఏ ఏటి బండికి ఆ ఏటి బోల్టు

దశాబ్దాలుగా షెడ్డులో పడి ఉన్న ఒక ఫోర్డ్ మోడల్ టి కారు బయటికి వచ్చిందనుకుందాం. కాగితాల్లో అది 1915 నాటి బండి. ముందున్న రేడియేటరు ఇత్తడిది, కాబట్టి కాగితాల మాట నిజమేననిపిస్తుంది. మడ్‌గార్డులు చూస్తే 1917 మోడల్‌తో వచ్చిన గుండ్రటి వంపువి. చక్రాలకేమో 1919లో మొదలైన ఊడదీసే రిమ్ములు. ఇంజను మీద నంబరు 1915దే, కానీ బ్లాకు పక్కన పేరుకున్న మడ్డి గీకితే పోతపోసిన తేదీ బయటపడుతుంది. అది 1920ల తేదీ. మరి ఇది ఏ ఏటి కారు?

పాత కార్లను మొదటి రూపానికి తెచ్చేవారికి మోడల్ టి దగ్గర తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఇది. మిగతా కార్లకు అసలు విడిభాగాలు దొరకకపోవడం కష్టం. మోడల్ టికి భాగాలు కావలసినన్ని దొరుకుతాయి. వాటిలో ఏది ఏ ఏటిదో తేల్చడమే ఇక్కడి పని.

ఈ చిక్కుకు మూలం ఆ కారు గొప్పతనంలోనే ఉంది. 1908 శరదృతువులో డెట్రాయిట్‌లోని పికెట్ అవెన్యూ ఫ్యాక్టరీ నుంచి మొదటి మోడల్ టి వచ్చింది. నాలుగు సిలిండర్లు, 2.9 లీటర్ల ఇంజను, 20 హార్స్‌పవర్. సిలిండర్లు నాలుగూ ఒకే పోతలో ఉండేవి, పైన హెడ్డు విడిగా ఊడొచ్చేది. ఇరుసులకూ గేర్లకూ వెనేడియం కలిపిన ఉక్కు వాడారు కాబట్టి బండి తేలికగా ఉండి కూడా గతుకుల దారులకు తట్టుకుంది. అయితే దాన్ని నిలబెట్టిన అసలు గుణం వేరు. ఒక కారు నుంచి విప్పిన భాగం మరో కారుకు ఆకురాయి తగలకుండా సరిగ్గా బిగిసిపోయేది.

ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. అదే 1908లో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్‌లో మూడు క్యాడిలాక్ కార్లను పూర్తిగా విప్పేసి, భాగాలన్నీ కలగలిపి, మళ్లీ మూడు కార్లుగా బిగించి 500 మైళ్లు నడిపి చూపించారు. ఆ ఏటి డ్యూవర్ ట్రోఫీ దానికే ఇచ్చారు. అప్పట్లో బహుమతికి తగిన వింతగా కనిపించిన ఆ పనిని ఫోర్డ్ లక్షల కార్లకు మామూలు సంగతి చేశాడు. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ మొదలయ్యాక, పన్నెండున్నర గంటలు పట్టే చాసీ బిగింపు 93 నిమిషాలకు దిగింది. 1908లో 850 డాలర్లున్న కారు ఏటేటా చవకై, 1925 నాటికి ఇద్దరు కూర్చునే రకం 260 డాలర్లకే దొరికింది. 1927 మేలో ఉత్పత్తి ఆగేసరికి లెక్క కోటిన్నర దాటింది.

బయటి నుంచి చూసేవారికి ఈ పందొమ్మిదేళ్లూ ఒకే కారు. నిజానికి అది ఏ ఒక్క ఏడాదీ మారకుండా లేదు. మొట్టమొదటి 2,500 కార్లకు నీటి పంపు ఉండేది. తరవాత దాన్ని తీసేశారు. వేడెక్కిన నీరు పైకి, చల్లబడిన నీరు కిందికి దానంతటదే తిరిగే పద్ధతి పెట్టారు. 1914 మోడల్ వరకు హెడ్‌లైట్లలో వెలిగింది ఎసిటిలిన్ గ్యాసు. 1915 మోడల్‌తో కరెంటు దీపాలొచ్చాయి కానీ వాటికి బ్యాటరీ లేదు. ఇంజనులో అయస్కాంతాలతో పనిచేసే మాగ్నెటో నుంచే కరెంటు వచ్చేది కాబట్టి బండి నెమ్మదిస్తే వెలుగు తగ్గేది, వేగం పెరిగితే పెరిగేది. 1917 మోడల్‌తో ఇత్తడి రేడియేటరు పోయి నల్ల ఉక్కు తొడుగు వచ్చింది. మీట నొక్కితే స్టార్టయ్యే మోటారు 1919లో గానీ రాలేదు.

రంగు సంగతి కూడా అంతే. మోడల్ టి అనగానే అందరికీ నలుపే గుర్తొస్తుంది. అది 1914 నుంచి 1925 వరకే. అంతకుముందు బూడిదరంగు, ఎరుపు, ఆకుపచ్చ, ముదురు నీలం కార్లుండేవి. చివరి రెండు మోడళ్లకు మళ్లీ రంగులొచ్చాయి. పైగా ఆ నలుపు కూడా ఒకటి కాదు. ఏ భాగానికి ఎలా పూయాలి, ఎంతసేపట్లో ఆరాలి అన్నదాన్నిబట్టి 30కి పైగా రకాల నలుపులు వాడారు. కొన్ని భాగాలను రంగు తొట్టిలో ముంచి తీసి బట్టీలో కాల్చేవారు. బాడీ మీద రంగును ధారగా పారించేవారు. ఇవాళ అలాంటి కారుకు అద్దంలా మెరిసే కొత్తరకం పెయింటు కొడితే చూపుకు బాగుండవచ్చు. కానీ ఆ మెరుపుతో మోడల్ టి ఏ రోజూ ఫ్యాక్టరీ గడప దాటలేదు. పాత రంగు ఏ కొంచెం మిగిలున్నా గీకి పారేయకుండా కాపాడుకోవడమే మంచిది. పోయిన రంగును మళ్లీ పూయవచ్చు గానీ, ఆనాటి తొట్టిలో మునిగిన పొరను మళ్లీ తేలేం.

ఈ మార్పులు క్యాలెండరు చూసుకుని జరిగినవీ కావు. కొత్తరకం భాగం తయారైనా పాత నిల్వ అయ్యేదాకా దాన్నే బిగించేవారు. ఒక ఊరి ఫ్యాక్టరీలో కొత్త మడ్‌గార్డులు వాడుతుంటే ఇంకో ఊళ్లో పాతవే నడిచేవి. అందుకే పునరుద్ధరణలో ‘1915 మోడల్’ అన్న మాట చాలదు. ఏ నెల బండో తెలియాలి.

ఇక రోడ్డెక్కిన తరవాతి కథ వేరు. రైతు దగ్గర చక్రం విరిగితే, పక్క ఊళ్లో తుక్కు కింద పడి ఉన్న కారు చక్రం తెచ్చి బిగించుకునేవాడు. అది నాలుగేళ్ల తరవాతి మోడల్‌దైనా బిగిసేది. కారు తయారీ ఆగిపోయాక కూడా ఫోర్డ్ కంపెనీ ఆ ఇంజన్లను పాత బండ్ల కోసం పోస్తూనే ఉంది. చివరిది 1941 ఆగస్టులో వచ్చింది. ఉత్పత్తి ఆగిన తరవాత తయారైన ఇంజన్లే లక్షన్నర దాటాయి. బ్లాకు మార్చినప్పుడు పాత నంబరునే కొత్తదాని మీద కొట్టే అలవాటుండేది. మొదట్లో చూసిన కారులో నంబరొక మాట, పోత తేదీ మరో మాట చెప్పడానికి కారణం అదే కావచ్చు. ఏ భాగమైనా ఏ బండికైనా పట్టే సుగుణం ఆ కార్లను వందేళ్లు బతికించింది, వాటి పుట్టిన తేదీలను చెరిపేసింది కూడా అదే.

ఆ తేదీలను తిరిగి చదవడానికి ఆధారాలున్నాయి. మిషిగన్ రాష్ట్రం డియర్‌బోర్న్‌లో, హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి చెందిన బెన్సన్ ఫోర్డ్ పరిశోధన కేంద్రంలో కంపెనీ నాటి డ్రాయింగులు, మార్పుల రికార్డులు భద్రంగా ఉన్నాయి. వాటిని ఓపిగ్గా తిరగేసి బ్రూస్ మెకాలీ రాసిన పెద్ద పుస్తకం 1994లో వచ్చింది. ఏ భాగం ఎప్పుడు మారిందో అందులో వెతుక్కోవచ్చు. మోడల్ టి మీద పనిచేసేవారు ఇప్పటికీ దాన్ని పక్కన పెట్టుకునే బోల్టులు విప్పుతారు.

అసలు భాగం విలువ ఏమిటో తెలియాలంటే ఇగ్నిషన్ కాయిల్‌ను చేతిలోకి తీసుకోవాలి. మోడల్ టిలో ఒక్కో సిలిండరుకు ఒక్కో కాయిల్, మొత్తం నాలుగు. పెట్టె చెక్కది, మూలల్లో పలకలు ఒకదాని పళ్లలో ఒకటి ఇమిడి ఉంటాయి. పైన సన్నటి ఉక్కు రేకు, దాని కింద పాయింట్లు. ఇంజను ఫ్లైవీల్ మీద బిగించిన 16 అయస్కాంతాలు తిరుగుతుంటే పుట్టే కరెంటు ఈ కాయిల్‌లోకి వస్తుంది. రేకు జుయ్‌మని కొట్టుకుంటూ పాయింట్లను కలుపుతూ విడదీస్తూ ఉంటుంది. ఒక్క నిప్పురవ్వతో సరిపెట్టదు, కనెక్షన్ ఉన్నంతసేపూ రవ్వలు రాలుస్తూనే ఉంటుంది. అందువల్ల, కాయిళ్లన్నీ బాగుండి, ఆగిన ఇంజనులో పెట్రోలు ఆవిరి మిగిలి, పిస్టన్ అనువైన చోట నిలిచి ఉంటే, బ్యాటరీ కనెక్షన్ ఉన్న బండి హ్యాండిల్ తిప్పకుండానే స్విచ్ వేయగానే స్టార్టవుతుంది.

వందేళ్ల కాయిల్‌లో తీగచుట్లు సాధారణంగా బాగానే ఉంటాయి. చెడేది లోపలి కండెన్సరు. కాగితం, లోహపు రేకు కలిపి చుట్టి, తారు లాంటి పదార్థంలో పూడ్చిన ఆ కండెన్సరు తేమ పీల్చి కరెంటును లీకు చేస్తుంది. బాగుచేసేవారు పెట్టె పక్క పలక జాగ్రత్తగా జరిపి, తారు తవ్వి, పాత కండెన్సరు తీసి, ఇప్పటి రకం చిన్నది పెట్టి మళ్లీ పూడ్చేస్తారు. తరవాత ఆ కాలపు చేతి టెస్టరు మీద కాయిల్‌ను నిలబెట్టి హ్యాండిల్ తిప్పుతారు. చక్రం చుట్టూ 16 రవ్వలు ఎడం తప్పకుండా పడాలి, మీటరు 1.3 ఆంపియర్ల దగ్గర నిలవాలి. ఒకచోట రెండు రవ్వలు పడితే రేకు బిగింపు సరిలేదన్నమాట. వెంట్రుకవాసి సవరించి మళ్లీ తిప్పాలి. ఈ తంటా ఎందుకని కొందరు కాయిళ్లు తీసేసి డిస్ట్రిబ్యూటరు పెట్టుకుంటారు. బండి హాయిగానే నడుస్తుంది, కానీ మోడల్ టి గొంతు పోతుంది. ఆ జుయ్యిమనే చప్పుడు లేని మోడల్ టిని పునరుద్ధరించిన కారు అనడానికి మనసొప్పదు.

అలాగని పాతదల్లా ఉంచి తీరాలన్నది మూఢత్వం. వెనక ఇరుసు మధ్య డిఫరెన్షియల్‌లో బాబిట్ అనే మెత్తటి మిశ్రలోహంతో చేసిన వాషర్లుంటాయి. వయసు మీదపడ్డాక అవి పగిలి పొడవుతాయి. పెడల్‌తో వేసే బ్రేకు మోడల్ టిలో గేరుపెట్టెలో పనిచేసి, షాఫ్టు ద్వారా వెనక చక్రాలను పట్టుకుంటుంది. వాషరు పగిలి పళ్లచక్రాలు పక్కకు జరిగాయంటే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగుతుంది, ఆ బ్రేకు కూడా పోతుంది. అసలు వాషర్లు ఎంత చక్కగా కనబడుతున్నా తీసి కంచువి వేయాల్సిందే. బయటికి కనిపించని చోట, ప్రాణానికి సంబంధించిన చోట కాలానికి కట్టుబడి ఉండటం కన్నా మనిషికి కట్టుబడి ఉండటం ముఖ్యం.

ఆ కాలపు వస్తువే అయినా ఫ్యాక్టరీలో బిగించనివీ కొన్నున్నాయి. 1920ల్లో రక్‌స్టెల్ పేరుతో వచ్చిన రెండు వేగాల వెనక ఇరుసును ఫోర్డ్ డీలర్లే అమ్మేవారు. కొండదారుల కోసం వెనక చక్రాలకు అదనంగా బిగించుకునే బయటి బ్రేకులు ఆనాటి కొట్లలో దొరికేవి. ఇలాంటివి ఉన్న కారు యజమాని వాటిని పీకేయనక్కర్లేదు. ఒక మనిషి తన అవసరం కొద్దీ బండిని మలుచుకున్న గుర్తులవి, అవి కూడా బండి చరిత్రే.

మన దేశంలో మోడల్ టి దొరికితే ఇంకో మెలిక ఉంది. బ్రిటన్, ఐర్లండ్ తప్ప మిగతా బ్రిటిష్ సామ్రాజ్యానికి కార్లు అమ్మే హక్కు ఫోర్డ్ కెనడా శాఖది. 1926లో బొంబాయి కేంద్రంగా భారతదేశంలో కంపెనీ పెట్టింది కూడా ఆ శాఖే. అమెరికాలో చేసిన చాలా టూరింగ్ (పైకప్పు మడిచే) కార్లకు డ్రైవరు వైపు తలుపు తెరుచుకోదు, రేకు మీద గీత నొక్కి తలుపులా చూపించారంతే. కెనడా బాడీకి ముందు తలుపులు రెండూ తెరుచుకుంటాయి. బాడీ చెక్కలకు బిగించిన స్క్రూలు చూస్తే తేడా ఇంకా స్పష్టం. అంటారియోకు చెందిన రాబర్ట్‌సన్ తయారుచేసిన ఆ స్క్రూల తలలో గాడికి బదులు చదరపు గుంట ఉంటుంది. స్క్రూడ్రైవరు జారకుండా పట్టుకుంటుంది కాబట్టి కెనడా ఫ్యాక్టరీలో వాటిని ఒక్కో కారుకు వందల్లో వాడారు. ఇది తెలియక అమెరికా పుస్తకం చూసి, చదరపు గుంటల స్క్రూలన్నీ ఎవరో తరవాత వేసినవనుకుని తీసి పారేస్తే, కారు ఎక్కడిదో చెప్పే ఆధారం తుక్కుబుట్టలో పడుతుంది. ఇక్కడ పని మొదలుపెట్టేవారు ముందుగా తెచ్చుకోవలసినవి కెనడా కంపెనీ విడిభాగాల జాబితా, చదరపు మొన ఉన్న స్క్రూడ్రైవరు.