గట్టుమీది ఇంజను, బోరులోని మోటారు

బాగేపల్లిలో మా తరగతికి విశాఖ బీచిలోని ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి ఫోటో చూపిస్తుంటే ఒకమ్మాయి లేచి అడిగింది: "నీళ్లలో మునిగినాక ఇంజను ఎట్లా ఆడుతుంది సార్?" సముద్రం ముఖం చూడని పిల్ల జలాంతర్గామి అసలు చిక్కునే పట్టుకుంది.

జవాబు మా పక్క చింతామణి తోటల్లోనే ఉంది. బావులున్న కాలంలో డీజిల్ ఇంజను గట్టుమీదే ఆడేది. దానికి గాలి కావాలి, పొగ పోవాలి. వెయ్యి అడుగుల బోరులోకి దిగేది మాత్రం కరెంటు మోటారే, దానికి గాలితో పనిలేదు. కుర్సురా ఈ రెండింటినీ ఒకే కడుపులో పెట్టుకుంది. 91 మీటర్ల పొడవు, మూడు డీజిళ్లు, మూడు మోటార్లు. పైన తేలుతున్నప్పుడు డీజిళ్లు ఆడి బ్యాటరీలు నింపుతాయి. మునిగాక బ్యాటరీలే దిక్కు. అందుకే అడుగు అంతస్తుల నిండా 448 సీసపు సెల్లులు.

అవి అయిపోతే పైకి రావాలి, వస్తే శత్రువుకు దొరికిపోవాలి. దీనికి విరుగుడు స్నోర్కెల్. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే విచెర్స్ అనే డచ్చి నౌకాదళ అధికారి దీన్ని ముందుకు తెచ్చాడు. 1940లో హాలండును ఆక్రమించిన జర్మన్ల చేతికి అది చిక్కింది. రాడారున్న విమానాలు వేటాడటం మొదలయ్యాక తమ పడవలకు బిగించుకున్నారు. పడవ నీళ్లలోనే ఉంటుంది, గాలి గొట్టం తల మాత్రం పైకి ఉంటుంది.

నాకు ప్రాణం ఆ తలమీది మూత. అల వచ్చి కప్పగానే టక్కున మూసుకుంటుంది, నీళ్లు లోపలికి రావు. కానీ ఇంజను ఆగదు. పడవలో ఉన్న గాలినే లాగేస్తుంది! 75 మంది పీల్చే గాలిని డీజిల్ తాగేస్తుంటే లోపలి పీడనం పడిపోయి చెవులు దిబ్బెళ్లు పడతాయి. అల దాటగానే మూత తెరుచుకుని గాలి ఒక్క ఉదుటున దూరుతుంది. మళ్లీ అల, మళ్లీ చెవులు.

ఇంకో గండం ఉంది. ఛార్జి అవుతున్న సీసపు సెల్లులు హైడ్రోజన్ వదులుతాయి. గాలిలో అది నాలుగు శాతం చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు.

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు ముందు పేలి మునిగిన పాకిస్తానీ ఘాజీ ఇలాంటి డీజిల్-బ్యాటరీ పడవే, అమెరికా కట్టినది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన బాంబులే ముంచాయని మన నౌకాదళం, సొంత మందుపాతరే పేలిందని పాకిస్తాన్ చెబుతాయి. హైడ్రోజనే పేలిందనేవారూ ఉన్నారు. సెల్లుల గుణం తెలిసినవాడిగా ఆ మూడో మాటను నేను తోసిపుచ్చలేను.

ఆ 1971 భారత్-పాక్ యుద్ధం ముంగిట కుర్సురా అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది, ఎవరిదో పక్కాగా తేలనిదే ఏ ఓడనూ కొట్టొద్దన్న ఆజ్ఞతో. తర్వాత సోవియట్ రేవులో మరమ్మతు, 2001లో విరమణ, 2002లో ఒడ్డుకు లాగి మ్యూజియం. మొత్తం 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది. కొత్త నావికులు జలాంతర్గామి విద్య నేర్చే బడి ఐఎన్ఎస్ శాతవాహన కూడా విశాఖలోనే ఉంది.

వెళ్తే టార్పెడోల దగ్గరే ఆగిపోకండి. డీజిల్ గదిని ఆనుకునే మోటార్ల గది ఉంటుంది, మధ్యలో గుండ్రటి ద్వారం. అక్కడ నిలబడి, గైడుగా ఉన్న రిటైర్డు నావికుడిని స్నోర్కెల్ మూత పడినప్పుడు చెవులు ఏమయ్యేవో అడగండి.