కళ్లు కదిలితే... మనసు కుదుటపడుతుందా?

పదో తరగతి తప్పిన రోజు బంధువులందరి ముందూ నాన్న అన్న మాట... 'నువ్వెందుకూ పనికిరావు' అని. ఇరవై ఏళ్లు గడిచినా కొందరికి అది చెవుల్లో మోగుతూనే ఉంటుంది. ఆఫీసులో చిన్న పొరపాటు జరిగినా అదే గుర్తొస్తుంది. నిద్ర పట్టదు, ఏ పనీ చేయాలనిపించదు. ఇలాంటి కుంగుబాటుకు మందులూ కౌన్సెలింగ్‌తో పాటు ఇప్పుడు మరో పేరూ వినిపిస్తోంది. అదే ఈఎండీఆర్. కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ చేసే చికిత్స. వినడానికి వింతగా ఉంది కదూ!

నడకలో తట్టిన ఆలోచన

దీనికి ఆద్యురాలు అమెరికా సైకాలజిస్టు ఫ్రాన్సిన్ షపీరో. 1987లో ఓ రోజు పార్కులో నడుస్తుండగా, తనను వేధిస్తున్న ఆలోచనల తీవ్రత ఉన్నట్టుండి తగ్గడం గమనించారామె. ఆ సమయంలో కళ్లు వేగంగా అటూ ఇటూ కదలడమే కారణం కావచ్చనుకున్నారు. 22 మందితో చేసిన తొలి అధ్యయనాన్ని 1989లో ప్రచురించారు. 'వేళ్లు ఆడిస్తే జబ్బు తగ్గుతుందా' అని పెదవి విరిచినవారూ ఉన్నారు. పరిశోధనలు పెరిగాక 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫార్సు చేసింది. అయితే అది ప్రమాదాలూ, దాడులూ, విపత్తులూ మిగిల్చే మానసిక గాయానికి. మనదేశంలోనూ 2001 భుజ్ భూకంపం తర్వాత బాధితుల కోసం దీన్ని వాడారు.

ఎలా చేస్తారు?

వెళ్లగానే కళ్లు కదిలించమనరు. మొదట జీవితంలో ఏం జరిగిందో తెలుసుకుంటారు. ఆందోళన పెరిగితే తమను తాము ఎలా స్థిమితపరచుకోవాలో నేర్పిస్తారు. ఆ తర్వాత ఒక జ్ఞాపకాన్ని ఎంచుకుంటారు. అది ఎంత బాధపెడుతోందో 0 నుంచి 10 లోపు అంకె చెప్పమంటారు. దాన్ని తలచుకుంటూనే, థెరపిస్టు అటూ ఇటూ కదిలించే వేళ్లను తల తిప్పకుండా కళ్లతో అనుసరించాలి. దాదాపు అరనిమిషం అయ్యాక ఆపి, 'ఇప్పుడేమనిపిస్తోంది' అని అడుగుతారు. బాధ బాగా తగ్గేదాకా ఇలా మళ్లీ మళ్లీ చేస్తారు. చివరికి 'నేనూ పనికొస్తాను' అన్న నమ్మకాన్ని బలపరుస్తారు. మొత్తం ఎనిమిది దశలు. ఇది హిప్నాటిజం కాదు, మనిషి పూర్తి స్పృహలోనే ఉంటాడు. జ్ఞాపకం చెరిగిపోదు, గుర్తొచ్చినా గుచ్చుకోదు అంతే.

కారణమేంటి?

పోపు వేస్తూ ఫోన్లో లెక్కలు చెప్పమంటే ఏదో ఒకటి తడబడుతుంది. మెదడు ఒకేసారి మోయగలిగే భారం కొంతే మరి! చేదు జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లతో వేళ్లను వెంబడిస్తే ఆ దృశ్యం మసకబారుతుందన్నది ఎక్కువగా వినిపించే వివరణ. అసలు మేలు కళ్ల వల్ల కాదనీ, భయం లేని చోట ఆ జ్ఞాపకాన్ని ఎదుర్కోవడం వల్లేననీ వాదించేవారూ ఉన్నారు.

డిప్రెషన్ అందరిదీ ఒకటి కాదు

కుంగుబాటుకు మూలం ప్రతిసారీ పాత గాయమే కానక్కర్లేదు. వంశపారంపర్యం, థైరాయిడ్ సమస్య, కాన్పు తర్వాతి మార్పులు... ఏదైనా కావచ్చు. డిప్రెషన్ మీద ఈఎండీఆర్ ప్రయోగాల్లో ఆశాజనకమైన ఫలితాలు వచ్చినా, వాటిలో చాలావరకు కొద్దిమందితో చేసినవే. మందులకూ ఇతర మానసిక చికిత్సలకూ ఉన్నంత బలమైన ఆధారం దీనికింకా లేదు. చేదు అనుభవం వెంటాడుతున్నవారు సైకియాట్రిస్టును దీని గురించి అడగొచ్చు. అంతేగానీ వాడుతున్న మాత్రలు సొంతంగా ఆపేయకూడదు. వీడియోలు చూసి ఇంట్లో ప్రయత్నించడమూ మంచిది కాదు. కదిలిన జ్ఞాపకం ఒక్కసారిగా మీద పడితే పక్కన శిక్షణ పొందినవారు ఉండాలి.

ఇంట్లో ఎవరైనా రెండు వారాలకు మించి దిగులుగా ఉంటే 'అదంతా మర్చిపో' అని తేల్చేయకండి. కూర్చోబెట్టి వినండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. చనిపోవాలనుందన్న మాట వస్తే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ 'టెలీ మానస్' నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.