నడిగడ్డ పత్తి విత్తనోత్పత్తి – మహిళా రైతు స్థానం

కృష్ణా, తుంగభద్రా నదుల నడుమ ఉన్న గద్వాల ప్రాంతానికి నడిగడ్డ అని పేరు. 2016లో పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. వీటిలో గద్వాల సంకర పత్తి విత్తనోత్పత్తికి ప్రసిద్ధి పొందింది.

పత్తి పువ్వు ద్విలింగ పుష్పం. అందువల్ల మరునాడు విచ్చుకోబోయే ‘ఆడ’ రకం మొగ్గ నుండి ముందురోజు సాయంత్రమే కేసరాలను తొలగించాలి. ఉదయం ‘మగ’ రకం పువ్వు పుప్పొడిని దాని కీలాగ్రానికి అద్దాలి. రైతులు దీనిని ‘క్రాసింగ్’ అంటారు. ప్రతి పువ్వుకూ చేతితోనే చేయవలసిన ఈ పనిలో అధికభాగం స్త్రీలదే. ఒక్క మొగ్గ తప్పినా అది స్వపరాగసంపర్కం చెంది విత్తన శుద్ధతను తగ్గిస్తుంది.

కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజరు ఉంటాడు. జనక విత్తనాన్నీ పెట్టుబడి అప్పునూ అతడే ఇచ్చి, పంటను సేకరిస్తాడు. నమూనాను సాగుచేసి జన్యు శుద్ధతను పరీక్షిస్తారు. లోపానికి జనక విత్తనమే కారణం కావచ్చు. కాని విత్తనం తిరస్కృతమైతే శ్రమ వృథా, అప్పు శేషం.

1966 నాటి విత్తన చట్టం అమ్మకపు విత్తనం నాణ్యతకు సంబంధించినది. విత్తనాన్ని పండించే రైతుకు దక్కవలసిన రక్షణ దాని లక్ష్యం కాదు. పట్టా భర్త పేరనో మామ పేరనో ఉన్నప్పుడు క్రాసింగ్ చేసిన స్త్రీ ఒప్పందంలో కనిపించదు. ఆమె పేరుతో లిఖితపూర్వక ఒప్పందం, పరీక్షా ఫలితం ప్రతి, ప్రభుత్వ ప్రయోగశాలలో పునఃపరీక్షకు హక్కు ఉన్నప్పుడే దీనిని భాగస్వామ్యం అనగలం.