శివరాత్రి నుంచి ఉగాది దాకా: మన దగ్గర ఒక నెల లైవ్ షోలు ఎట్లా నడుస్తాయి?

ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఈ నెల ఏ నాటకం ఉంది, ఏ కచేరీ ఉంది అని తెలుసుకోవాలంటే రవీంద్రభారతి ప్రోగ్రామ్స్ చూస్తారు. లేదంటే ఫోన్‌లో టికెట్ల యాప్ తెరుస్తారు. అదే యాప్‌లో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అని కొట్టండి. సినిమా హాళ్లు వస్తే వస్తాయి, అంతకు మించి ఏమీ కనపడదు. మరి మన దగ్గర లైవ్ షోలు లేనట్టేనా?

ఉన్నాయి, మస్తు ఉన్నాయి. కాకపోతే వాటికి టికెట్ లేదు, సీటు నంబర్ లేదు. తేదీ పంచాంగంలో ఉంటది, అడ్రస్ ఎవరింటి వాకిట్లోనో ఉంటది. ఈ రోజు మూడు విషయాలు చూద్దాం. ఈ షోల క్యాలెండర్ ఎట్లా పనిచేస్తది? స్టేజీ ఎక్కడుంటది? కళాకారులకు డబ్బులు ఎట్లా వస్తాయి? చివర్లో అసలు సమస్య దగ్గరికి వద్దాం. రాత్రంతా చెప్పే కథ పదిహేను నిమిషాలకు ఎందుకు కుదించుకుపోతోంది, దానికి మనం ఏం చేయొచ్చు?

ముందు క్యాలెండర్

మహాశివరాత్రి అంటే మాఘ బహుళ చతుర్దశి. ఆ తర్వాత అమావాస్య. అమావాస్య దాటితే ఫాల్గుణ మాసం, అది అయిపోగానే ఉగాది. అంటే శివరాత్రికీ ఉగాదికీ మధ్య సుమారు ఒక నెల. 2024లో శివరాత్రి మార్చి 8న, ఉగాది ఏప్రిల్ 9న వచ్చాయి. 2025లో ఫిబ్రవరి 26న, మార్చి 30న వచ్చాయి. రెండు సార్లూ తేడా 32 రోజులే.

ఈ నెలే ఎందుకు? ఆరుబయట రాత్రి కూర్చునే వాతావరణం ఇదే. చలి తగ్గింది, ఎండలు ఇంకా ముదరలేదు. యాసంగి వరి పొలంలో ఉంది కానీ కోతలు ఇంకా రాలేదు. రాత్రి మేల్కొని తెల్లారి కాస్త నిద్రపోయినా నడుస్తది.

మొదటి రాత్రి వేములవాడ. రాజన్న గుడి దగ్గర శివరాత్రి జాగారం అంటే జనం తెల్లారేదాకా మేల్కొని ఉంటారు. మేల్కొని ఉండాలంటే చూడడానికి, వినడానికి ఏదో ఒకటి కావాలి కదా. అందుకే జాగారానికీ ఆటపాటలకూ మొదటి నుంచీ జోడీ. అదే రాత్రి కొమురవెల్లిలో మల్లన్నకు పెద్దపట్నం వేస్తారు. అక్కడ సంక్రాంతికి మొదలైన జాతర ఆదివారం ఆదివారం నడుచుకుంటూ ఉగాది దాకా సాగుతది.

నెల మధ్యలో హోలీ. దానికి ముందు రోజుల్లో పిల్లలు కోలలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి జాజిరి ఆడతారు. పున్నమికి కాముని దహనం. ఈ రోజుల్లోనే మన జగిత్యాల జిల్లా ధర్మపురిలో నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు ఫాల్గుణ శుద్ధ ఏకాదశికి మొదలవుతాయి. ఇవన్నీ అందరికీ తెలిసిన పెద్ద తేదీలు. వీటి చుట్టూ ఊర్లలో మల్లన్న పట్నాలు, ఎల్లమ్మ బోనాలు, బీరప్ప పండుగలు ఉంటాయి. అవి ఏ లిస్టులోనూ దొరకవు, బంధువుల ఫోన్ వస్తేనే తెలుస్తాయి.

స్టేజీని ముగ్గుతో గీస్తారు

ఇప్పుడు ఒక్క కళని దగ్గరగా చూద్దాం: ఒగ్గు కథ. ఒగ్గు అంటే శివుడి చేతిలో ఉండే డమరుకం లాంటి చిన్న వాయిద్యం. దాన్ని పట్టుకొని కథ చెప్పేవాళ్లు ఒగ్గోళ్లు. ఎక్కువగా కురుమ, గొల్ల కులాల నుంచి వస్తారు. వీళ్లు కళాకారులే కాదు, పూజారులు కూడా. మల్లన్న పెళ్లి చేసేదీ వీళ్లే, ఆ పెళ్లి కథ చెప్పేదీ వీళ్లే.

కథకు ముందు పట్నం వేస్తారు. నేల అలికి, బియ్యప్పిండి, పసుపు, కుంకుమ, ఆకుపచ్చ పొడితో గళ్లు గళ్లుగా పెద్ద ముగ్గు గీస్తారు. ఆ రాత్రికి దేవుడి పెళ్లి మండపం అదే, కళాకారుల స్టేజీ కూడా అదే. మల్లన్నకు గొల్ల కేతమ్మతో, మేడాలమ్మతో కల్యాణం జరుగుతది. చివర్లో డోలు దెబ్బల మధ్య పట్నం తొక్కుతారు. గంటల తరబడి గీసిన ముగ్గు ఆ అడుగుల కింద కలిసిపోతది.

బృందంలో సాధారణంగా నలుగురైదుగురు ఉంటారు. ప్రధాన కథకుడు ఒకరు. ఆయన మాటకు మాట అందించే సహాయకుడు ఇంకొకరు. మిగతావాళ్లు డోలు, తాళాలు. ఆ సహాయకుడిని తక్కువగా చూడొద్దు. జనం మనసులో వచ్చే అనుమానాన్ని ఆయనే పైకి అడుగుతాడు, ఆయనే జోకు వేస్తాడు, కథకుడు ఊపిరి తీసుకునే టైమ్ ఇస్తాడు. కథకుడు తువ్వాలను తల మీదికి లాక్కుంటే ఎల్లమ్మ, నడుముకు చుడితే రాజు. సెట్టింగు మొత్తం ఆ ఒక్క తువ్వాలే.

మన ప్రాంతంలో ఈ మాట వస్తే మిద్దె రాములు గారి పేరు చెప్పకుండా దాటలేం. వేములవాడ దగ్గర హనుమాజీపేట ఆయనది. ఎల్లమ్మ కథకు, తల మీద బోనంతో చేసే ఆటకు పేరు మోసినవారు. 2010లో చనిపోయారు. అదే హనుమాజీపేటలో 1931లో పుట్టినవారు సి. నారాయణరెడ్డి గారు, 1988 జ్ఞానపీఠం ఆయనది. చిన్నప్పుడు హరికథలు, జంగం కథలు, జానపదాలు వింటూ పెరిగారు. ఒకే ఊరి నుంచి ఒకాయన కథ చెప్పి పెద్దవాడయ్యాడు, ఇంకొకాయన కథలు విని కవి అయ్యాడు. ఇప్పుడు సిరిసిల్లలో సినారె కళామందిరం ఉంది. కానీ ఆ ఇద్దరినీ తయారుచేసిన స్టేజీ మాత్రం ఊరి వాకిలే.

టికెట్ లేకుండా జీతం ఎట్లా?

ఇక డబ్బుల సంగతి. తెలంగాణలో చాలా కులాలకు వాళ్ల కథ చెప్పే ఒక ఆశ్రిత కులం ఉంటది. సిరిసిల్ల అంటే మరమగ్గాలు, పద్మశాలీలు కదా. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పేవాళ్లు కూనపులి వాళ్లు. ముదిరాజులకు కాకిపడగల వాళ్లు పాండవుల కథ చెప్తారు. రజకులకు పటం వాళ్లు మడేలు పురాణం చెప్తారు. మాదిగలకు చిందు వాళ్లు యక్షగానం ఆడతారు, డక్కలి వాళ్లు జాంబ పురాణం చెప్తారు.

వీళ్లలో చాలామంది పటం వేలాడదీసి, బొమ్మ బొమ్మకు కథ చెప్తారు. ఆ పటాలు వేసేది చేర్యాల నకాషీ చిత్రకారులు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పూసి, ఆరిన తర్వాత బొమ్మలు వేస్తారు. వెడల్పు సుమారు 3 అడుగులు ఉంటే పొడవు 40 అడుగులు కూడా దాటొచ్చు. చుట్ట విప్పుతూ పోతుంటే కథ ముందుకు పోతది. మనం ఫోన్‌లో రీల్స్ పైకి తోస్తాం చూడండి, ఆ పని వీళ్లు ఎప్పుడో చేశారు. కాకపోతే కథ ఒక్కటే, మధ్యలో మారదు.

ఏ ఊర్లో ఏ కుటుంబం కథ చెప్పాలో హక్కు ఉండేది. దాన్ని మిరాశీ అంటారు. కథ చెప్పే కుటుంబం వంతు ప్రకారం ఊరికి వస్తది. ఊరు వాళ్లకు తిండి, ధాన్యం, బట్టలు, డబ్బు ఇవ్వాలి. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఇది సబ్‌స్క్రిప్షన్. చూసినా చూడకపోయినా కట్టాలి కాబట్టి కళాకారుడికి కొంత భరోసా. అలాగని దీన్ని బంగారు కాలం అని చెప్పలేం. ఆ భరోసాకు కులం కట్టు ఉంది. అడుక్కునేవాళ్లు అనే చిన్నచూపు ఉంది. ఆ చిన్నచూపు వద్దనుకొని పిల్లలను బడికి పంపిన తల్లిదండ్రులను తప్పు పట్టే హక్కు మనకు లేదు.

ఇప్పుడు ఆ పద్ధతి వదులైంది. సిరిసిల్లలో మరమగ్గం మీద 12 గంటల షిఫ్టు చేసే మనిషి రాత్రంతా కథ దగ్గర కూర్చోలేడు. కోరుట్ల, జగిత్యాల వైపు చాలా ఇండ్లల్లో ఒక మనిషి గల్ఫ్‌లో ఉంటాడు. ఇంట్లో పట్నం వేస్తే ఆయన దుబాయ్ నుంచి వీడియో కాల్‌లో చూస్తాడు. భక్తి తగ్గలేదు, రాత్రి మాత్రం చిన్నదైంది.

పదిహేను నిమిషాల లెక్క

అసలు సమస్య ఇదే. ఒగ్గుకు గిరాకీ లేదని అనలేం. ఊరేగింపులు, మీటింగులు, ప్రారంభోత్సవాలు, పెళ్లిళ్లు, ఎక్కడ చూసినా డోళ్లు కనిపిస్తాయి. ఇరవై, ముప్పై మంది ఒకే రంగు బట్టల్లో లైను కట్టి అడుగులు వేస్తుంటే చూడడానికి బ్రహ్మాండంగా ఉంటది. దాన్ని ఒగ్గు డోలు విన్యాసం అంటారు. అది కష్టమైన కళే, కుర్రాళ్లకు నాలుగు రూపాయలు తెచ్చిపెడుతోంది కూడా.

కానీ అందులో కథ లేదు. లెక్క వేద్దాం. రాత్రి పదికి మొదలై పొద్దున ఆరుకు అయిపోయే కథ 8 గంటలు, అంటే 480 నిమిషాలు. స్టేజీ మీద ఇచ్చేది 15 నిమిషాలు. ముప్పై రెండింట్లో ఒక వంతు. మిగతా ముప్పై ఒక్క వంతులు ఎక్కడ బతకాలి? కథ పుస్తకంలో లేదు, కథకుడి నోట్లో ఉంది. ఏ ఊర్లో ఏ పిట్టకథ చేర్చాలి, జనం నిద్రపోతుంటే ఎక్కడ పాట ఎత్తుకోవాలి, ఎక్కడ ఏడిపించాలి అన్నది రాత్రుళ్లు పక్కన కూర్చొని సహాయకుడిగా చేస్తేనే వస్తది. పదిహేను నిమిషాల ప్రోగ్రామ్‌కి డోలు కొట్టేవాళ్లు కావాలి, సహాయకుడు అక్కర్లేదు. సహాయకుడే లేకపోతే రేపటి కథకుడు ఎక్కడి నుంచి వస్తాడు?

గుర్తింపు రావట్లేదని కూడా కాదు. జనగామ జిల్లా చుక్కా సత్తయ్య గారికి 2014 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. చిందు యక్షగానం గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. పేద వృద్ధ కళాకారులకు తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే పెన్షన్ 2021లో 1,500 నుంచి 3,016 రూపాయలకు పెరిగింది. ఇవన్నీ అవసరమే. కానీ అవార్డు, పెన్షన్ వచ్చేసరికి మనిషి వయసు అయిపోతది. ఇరవై ఏళ్ల కుర్రాడు కథ నేర్చుకోవాలంటే వాడికి కావలసింది రాత్రంతా చెప్పడానికి పిలుపు.

ఫోన్ తీసేముందు

ఇంకో ముఖ్యమైన విషయం. మనం జాతరకు పోతాం, ఫోన్ తీస్తాం, వీడియో పెడతాం. వ్యూస్ వస్తే డబ్బులు ఎవరికి? అప్‌లోడ్ చేసినవాడి ఖాతాలోకి. డోలు కొట్టినాయనకు ఆ వీడియో ఉందని కూడా తెలియదు.

చట్టం ఏమంటుందో చూడండి. మన కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కు అని ఒకటి ఉంది, 38వ సెక్షన్. ప్రదర్శకుడు అంటే ఎవరో చెప్పే చోట గాయకులు, నటులతో పాటు గారడీవాళ్లు, పాములాడించేవాళ్లు కూడా ఉన్నారు. ప్రదర్శన ఇచ్చే ఎవరైనా సరే అని కూడా ఉంది. కాబట్టి ఒగ్గు కథకుడు, చిందు కళాకారుడు ఇందులోకి వస్తారు. ఈ హక్కు ప్రదర్శన జరిగిన మరుసటి ఏడాది మొదటి నుంచి 50 ఏళ్లు ఉంటది. 2012 సవరణతో ఇది ఇంకా గట్టిపడింది. మల్లన్న కథ ఎవరి సొత్తూ కాదు, నిజమే. కానీ ఆ రాత్రి ఆయన చెప్పిన తీరు ఆయనది. ఇంట్లో చూసుకోవడానికి తీసుకుంటే గొడవ లేదు. ఛానెల్‌లో పెట్టి సంపాదించాలంటే ఆయనను అడగాలి, వాటా మాట్లాడుకోవాలి.

మరి మనం ఏం చేయొచ్చు?

నాలుగు పనులు చెప్తాను, అన్నీ మన చేతిలో ఉన్నవే.

ఒకటి. ఇంట్లో పట్నం గానీ బోనం గానీ ఉంటే బృందంతో మాట్లాడేటప్పుడు "డోలు ఎంతకు వస్తారు" అని కాకుండా "ఏ కథ చెప్తారు, ఎంతసేపు చెప్తారు" అని అడగండి. రాత్రంతా కుదరకపోతే మూడు గంటలు చెప్పించుకోండి. కథ పూర్తిగా వింటామని ముందే చెప్తే వాళ్లు సహాయకుడిని కూడా తెచ్చుకుంటారు.

రెండు. మీ ఊరి లిస్టు రాయండి. ఏ ఊరు, ఏ తిథి, ఏ కథ, ఎన్ని గంటలకు, ఇంతే. ఒక కాగితం చాలు. గ్రామ పంచాయతీ దగ్గర అంటించినా, వాట్సాప్‌లో పంపినా పక్క ఊరివాళ్లు వస్తారు. వాకిట్లో నలభై మంది ఉండడం వేరు, నాలుగు వందల మంది ఉండడం వేరు. చదివింపులు కూడా ఆ లెక్కనే ఉంటాయి.

మూడు. రికార్డు చేస్తే సరిగ్గా చేయండి. డోలు ముందు ఫోన్ పెడితే మాట వినపడదు. కథకుడికి దగ్గరగా, డోళ్లకు దూరంగా పెట్టండి. వీడియో కింద కథకుడి పేరు, సహాయకుడి పేరు, ఊరు, తేదీ, కథ పేరు రాయండి, వాళ్లు ఒప్పుకుంటేనే. పూర్తి వీడియో ఒక కాపీ వాళ్లకే ఇవ్వండి. రేపు వాళ్ల పిల్లలు నేర్చుకోవడానికి అదే పుస్తకం.

నాలుగు. పట్నం దగ్గర అడగకుండా అడుగు పెట్టొద్దు. అది బ్యాక్‌గ్రౌండ్ కాదు, పూజ.

మన మూడు ఊర్ల మధ్య ఉన్న కళ మ్యూజియంకి పోయే స్థితిలో లేదు, పని అడుగుతోంది. పని ఇచ్చేది మనమే. వచ్చే శివరాత్రికి ఇంకా టైమ్ ఉంటే ఇప్పుడే మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి: మన ఇంటికి కథ చెప్పేవాళ్లు ఎవరు, ఇప్పుడు ఎక్కడున్నారు? తెలిసింది కామెంట్స్‌లో రాయండి. ఊరి పేరు, కథ పేరు రాస్తే చాలు, వాళ్ల ఫోన్ నంబర్లు మాత్రం పెట్టొద్దు. వచ్చే ఎపిసోడ్‌లో మీరు రాసిన ఊర్లతోనే ఒక నెల క్యాలెండర్ తయారుచేద్దాం. ఉంటా మరి, నమస్తే.