దొంగ చేతికి రత్నాల గుడ్డు!

బొమ్మ లేని సినిమా ఎప్పుడైనా చూశారా? చూడకపోతే రండి, నేను చూపిస్తాను. టిక్కెట్టు అక్కర్లేదు. హీరో మీరే, కథ నడిపేదీ మీరే. మీరు తికమక పడితే వెక్కిరించడానికి మాత్రం అవతల ఒకాయన సిద్ధంగా ఉంటాడు. ఆయనే కంప్యూటరు!

ఈ ఆట పేరు జోర్క్. తెరమీద అక్షరాలు తప్ప ఇంకేమీ కనిపించవు. ఒక తెల్లటి ఇంటికి పడమటి వైపు మైదానంలో మీరు నిలబడి ఉన్నారని కంప్యూటరు చెబుతుంది. పక్కనే చిన్న పోస్టు డబ్బా. ఇక ఏం చెయ్యాలో మీరు టైపు చెయ్యాలి. ఉత్తరానికి పో, డబ్బా తెరువు, దీపం తీసుకో... ఇలాగన్నమాట, కాకపోతే ఇంగ్లీషులో! కిటికీలోంచి ఇంట్లో దూరి, తివాచీ పక్కకు జరిపితే నేలలో ఒక తలుపు. అందులోంచి దిగితే పాతాళ సామ్రాజ్యం! గొడ్డలి పట్టుకున్న భూతం, ఒంటికన్ను రాక్షసుడు, ఎప్పుడొచ్చి ఏం కాజేస్తాడో తెలియని దొంగ... అందరినీ దాటుకుని నిధులన్నీ తెచ్చి ఇంట్లో ఉన్న అద్దాల బీరువాలో పెట్టాలి. మొత్తం 350 మార్కులు.

విఠలాచార్య గారి సినిమా గుర్తొస్తోంది కదూ? నాకూ అంతే!

నవ్వుతూ చంపే ఆట

పాతాళంలో దీపం ఆరిందా, అయిపోయారన్నమాటే. చీకట్లో గ్రూ అనే జంతువు కాచుకుని ఉంటుంది. అది ఎలా ఉంటుందో చూసినవాడు లేడు. చూసేంత దగ్గరికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు మరి! చస్తే పది మార్కులు కోసేసి, మిమ్మల్ని మళ్ళీ బతికించి అడవిలో పడేస్తారు. అర్థంపర్థం లేని ఆజ్ఞలిస్తే చురకలు. కోపమొచ్చి బూతు టైపు చేస్తే మందలింపు!

చిక్కుముడులు కూడా అంత సరదాగానూ ఉంటాయి. గబ్బిలం మిమ్మల్ని ఎత్తుకుపోకుండా ఉండాలంటే, వంటింటి సంచిలో దొరికే వెల్లుల్లి దగ్గర పెట్టుకోవాలి. ఒంటికన్ను రాక్షసుడి ముందు ఒడిస్యూస్ అనే గ్రీకు వీరుడి పేరు చెప్పండి. గోడ బద్దలు కొట్టుకుని పారిపోతాడు. వాళ్ళ నాన్నకు ఆయన చేసిన శాస్తి అలాంటిది!

దీన్ని తయారుచేసింది అమెరికాలోని ఎం.ఐ.టి. లాబరేటరీ కుర్రాళ్ళు నలుగురు: టిమ్ ఆండర్సన్, మార్క్ బ్లాంక్, బ్రూస్ డేనియల్స్, డేవ్ లెబ్లింగ్. 1977లో పి.డి.పి.-10 అనే పెద్ద కంప్యూటరు మీద మొదలుపెట్టారు. 1979లో ఇన్ఫోకామ్ అనే కంపెనీ పుట్టింది. ఇళ్ళల్లో వాడే చిన్న కంప్యూటర్లలో అంత పెద్ద కథ పట్టలేదు. దాంతో మూడు ముక్కలు చేసి 1980, 1981, 1982 సంవత్సరాల్లో వరసగా విడుదల చేశారు. మన ‘బాహుబలి’ రెండు భాగాలైతే వాళ్ళది మూడు!

క్యూలో ఇంటర్వెల్

ఇంతకీ దీనికీ మా ఖైరతాబాద్‌కీ ఏమిటి సంబంధం అంటారా? వస్తున్నా. ఖైరతాబాద్ గణేశుడు 1954లో ఒక్క అడుగు బొమ్మగా మొదలై, 2024 నాటికి డెబ్భై అడుగులయ్యాడని మీకు తెలుసు. ఆ దర్శనం క్యూ గురించి కూడా తెలిసే ఉంటుంది. ఆ మధ్య ఒక చవితి పండుగ ఆదివారం నేనూ అందులో చిక్కుకున్నాను. జనం ఎక్కువై ఫోన్లలో సిగ్నలు పోయింది. వీడియోలు ఆగిపోయాయి. నా ఫోనులో మాత్రం జోర్క్ నడుస్తూనే ఉంది. మొత్తం కలిపి వంద కిలోబైట్లు కూడా లేని ఆట, దానికి నెట్టుతో పనేముంది?

వెనక నుంచి ఇద్దరు చింతల్ బస్తీ కుర్రాళ్ళు తొంగి చూశారు. ఒకడు డిగ్రీ, ఇంకొకడు తెలుగు మీడియంలో ఇంటర్.

“ఏందన్నా అది? బొమ్మల్లేవు గదా!”

చెప్పాను. నేను సగం దాకా ఆడి దాచి పెట్టుకున్న ఆట అది. చేతిలో ఒక రత్నాల గుడ్డు ఉంది. అది తెరుచుకోదు. బలవంతంగా తెరిస్తే లోపలున్నది పాడైపోతుంది. నాలుగు రోజులుగా ఆట అక్కడే ఆగింది. ఇంగ్లీషులో వచ్చిన ప్రతి మాటా తెలుగులో చెబుతూ పోయాను. డిగ్రీ కుర్రాడు టైపు చేశాడు. కత్తితో ప్రయత్నిద్దాం అన్నాడు. చిన్నవాడు మాత్రం కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు:

“అన్నా, దొంగకే ఇద్దాం. తాళాలు తీసుడు వానికే తెల్వాలె గదా!”

“పాగలా? వాడు గుంజుకొని పోతే?”

“పోనీ. వాడు తెరిచినంక మనం పోయి గుంజుకుందాం!”

సరిగ్గా అదే జవాబు! గుడ్డు దొంగకిచ్చాం. క్యూ ఇంకో వంద గజాలు కదిలేసరికి వాడి స్థావరం చేరాం. ఫైటింగులో వాణ్ణి గెలిచాం. చూస్తే గుడ్డు తెరిచి ఉంది, లోపల కీ ఇస్తే పాడే బంగారు పిట్ట! ‘పాతాళ భైరవి’ (1951)లో తోట రాముణ్ణి బలివ్వాలని తీసుకొచ్చిన మాంత్రికుణ్ణే రాముడు బలిచ్చి ప్రతిమ సంపాదించలేదూ? అదే ఎత్తు. విలన్ని కొట్టడం కాదు, ముందు విలన్ చేత పని చేయించుకోవడం!

“ఇగ నువ్వు ఆడు” అని ఫోను చిన్నవాడి చేతికిచ్చాను. తెరమీద గీత మిణుకుమిణుకుమంటూ ఎదురుచూస్తోంది. వేలు పైకెత్తాడు, దించాడు. ఏం చెయ్యాలో వాడికి తెలుసు. ఎలా రాయాలో తెలియలేదు.

“నువ్వే కొట్టురా” అని ఫోను పక్కవాడికి ఇచ్చేశాడు.

తెలుగులో పాతాళం ఎప్పుడు?

బొమ్మల ఆటలో భాష రాకపోయినా బండి లాగించొచ్చు. మాటలతోనే నడిచే ఆటలో భాష రాకపోతే తలుపు దగ్గరే ఆగిపోవాలి. బుర్ర పాదరసంలా ఉన్నా సరే!

తెలుగులో చెయ్యడం అంత తేలిక కాదు. ఇంగ్లీషులో దీపానికి ‘లాంప్’ అంటే లాంపే. మనకు దీపం, దీపాన్ని, దీపంతో, దీపంలో... ఇన్ని వేషాలు! ఇంగ్లీషులో క్రియ ముందు, మనకు చివర. తీసుకో, తీస్కో, పట్టుకో... అన్నీ ఒకటేనని యంత్రానికి నేర్పాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు, కంప్యూటరు మనల్ని ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా? నన్నడిగితే, బతికున్నప్పుడు ‘మీరు’, గ్రూ మింగేశాక ‘నువ్వు’!

కష్టమే, అసాధ్యం కాదు. ఇన్ఫోకామ్‌ని 1986లో యాక్టివిజన్ కొన్నది. యాక్టివిజన్‌ని 2023లో మైక్రోసాఫ్ట్ కొన్నది. 2025 నవంబరులో ఆ మూడు జోర్కుల అసలు ప్రోగ్రాం ఎవరైనా చూసుకోవచ్చు, వాడుకోవచ్చు అని ఉచితంగా విడుదలైంది. తలుపు తెరిచే ఉందన్నమాట!

ఇక సరుకంటారా? మనకు కొదవేమిటి! మాంత్రికుల గుహలు, మాట్లాడే చిలకలు, మాయా కంబళ్ళు మన జానపద చిత్రాల నిండా ఉన్నాయి. 1957లో ‘మాయాబజార్’కి కొత్త మాటలు పుట్టించి నవ్వించిన పింగళి గారి భాష మనది. మార్కులకు బదులు వీరతాళ్ళు వేయిద్దాం!

ఇంజనీరింగు చదివే పాఠకులారా, మాటలు రాయగల పాఠకులారా, మీరిద్దరూ ఒకచోట కూర్చుంటే చాలు. ఒక ఇల్లు, ఒక దీపం, ఒక దొంగతో మొదలుపెట్టండి. గుడ్డు దొంగకిద్దామన్న కుర్రాడు ఫోను పక్కవాడికివ్వకుండా, ‘దొంగకు గుడ్డు ఇవ్వు’ అని తన వేలితో తానే టైపు చేసుకోవాలి.

ఆ ఆట తయారుచేసినవాళ్ళకు మొదటి వీరతాడు నాది!