నలుగురి సంతకాలు



ఈ వ్యాసం మీకు దోహా నుంచి రాస్తున్నాను. మా పేట పేరు అల్ దోహా అల్ జదీదా, అంటే కొత్త దోహా. పేరే కొత్తది, పేట పాతదే. కింద కిరాణా కొట్లు, దర్జీ కొట్లు, చాయ్ దుకాణాలు, పైన మాలాంటి వాళ్ళ అద్దె ఇళ్ళు. పొద్దున ఐదింటికి కిటికీ తీస్తే పనివాళ్ళను తీసుకుపోయే బస్సులు కనిపిస్తాయి. నేపాలీలు, బంగ్లాదేశీలు, మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళు వాటిలో కూర్చుని ఉంటారు. కొందరు అద్దానికి తల ఆనించి నిద్రపోతుంటారు. వాళ్ళను చూసినప్పుడల్లా మా ముత్తాత గుర్తొస్తాడు. ఆయన్ను నేను చూడలేదు. ఆయన గురించి నాకు తెలిసినదంతా ఒక ఓడ పట్టీలో ఒక్క వరుస.

మీ ఇంట్లో కూడా అలాంటి కాగితం నకలు ఉండే ఉంటుంది. నెటాల్‌కు వచ్చిన ప్రతి కూలీకీ ఒక నంబరు. పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద గుర్తు. రాసింది గుమాస్తా. తనకు వినబడినట్టు రాశాడు. అందుకే మన ఇంటిపేర్లు ఇన్ని వంకరలు తిరిగాయి. చదువురాని మనిషి ఒప్పందం కింద ఒక గీత గీశాడు, లేదా వేలిముద్ర వేశాడు. ఆ కాగితంలో ఏముందో ఆయనకు తెలియదు. ఆయన తరఫున చదివి, ‘ఇతను నాకు తెలుసు’ అని సంతకం పెట్టేవాళ్ళు పక్కన లేరు.

ఈసారి మీతో సంతకం గురించే మాట్లాడాలని ఉంది. అందుకోసం మిమ్మల్ని ఒక సంస్థలోకి తీసుకువెళ్తాను. అది మా దక్షిణాఫ్రికా సైన్స్ అకాడమీ. అందరూ పొట్టిగా అస్సాఫ్ అంటారు. కార్యాలయం ప్రిటోరియాలో ఉంది. శనివారాల్లో నేను ఇక్కడ మెట్రో ఎక్కి, ముషైరిబ్‌లో బండి మారి, ఖతర్ నేషనల్ లైబ్రరీకి వెళ్తుంటాను. కిందటేడు అక్కడ కూర్చుని అస్సాఫ్ వార్షిక నివేదికలు చదివాను. సైన్సు టీచర్ని కాబట్టి చదివాను అనుకోండి. చదువుతుంటే అందులో మన సంగతి కనబడింది.

తలుపు తెరుచుకున్న రోజు

అకాడమీ అంటే పిల్లలకు పాఠాలు చెప్పే బడి కాదు. అక్కడ ప్రయోగశాలలు కూడా ఉండవు. దేశంలో మంచి పని చేసిన శాస్త్రవేత్తలు కలిసి కూర్చునే సభ అది. ఒకరి పనిని ఒకరు పరీక్షిస్తారు. తమకు తెలిసినది దేశానికి చెబుతారు.

ఇలాంటి సభలు మా దేశంలో ముందూ ఉన్నాయి. రాయల్ సొసైటీ ఆఫ్ సౌత్ ఆఫ్రికా 1908 నాటిది. ఆఫ్రికాన్స్ భాష వాళ్ళ అకాడమీ 1909 నాటిది. ఆ రోజుల్లో మనవాళ్ళు ఇంకా చెరకు తోటల్లోనే ఉన్నారు. నెటాల్‌కు కూలీల ఓడలు ఆగిందే 1911లో.

తరువాత చదువుకున్నా తలుపులు సులువుగా తెరుచుకోలేదు. 1959 చట్టం వచ్చాక తెల్లవాళ్ళ విశ్వవిద్యాలయాల్లో చేరాలంటే మనవాళ్ళకు మంత్రి అనుమతి కావాలి. భారతీయుల కోసమని 1961లో డర్బన్ రేవులోని సాలిస్‌బరీ దీవి మీద, పాత నావికాదళం బారకాసుల్లో ఒక కాలేజీ తెరిచారు. మా నాన్న అక్కడే చదివాడు. రోజూ పడవ ఎక్కి కాలేజీకి వెళ్ళేవాడు. ‘మా తాత పెద్ద ఓడలో వచ్చాడు, నేను చిన్న పడవ దాకా ఎదిగాను’ అని నవ్వేవాడు. అదే కాలేజీ తరువాత డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయం అయింది.

అస్సాఫ్ 1996లో మొదలైంది. నెల్సన్ మండేలా దానికి పోషకుడు. 2001లో పార్లమెంటు దానికోసం ఒక చట్టం చేసింది. 2002లో అది అమలులోకి వచ్చింది. ఏ రంగు మనిషైనా, గణితం నుంచి చరిత్ర దాకా ఏ శాస్త్రం చదివినవాళ్ళైనా ఈ సభలోకి రావచ్చు.

తొలి నెలలు: పేర్లు

ఎలా రావాలి? ఇక్కడే నేను చదవడం ఆపి కాసేపు ఆలోచించాను. అస్సాఫ్‌లో చేరడానికి ఎవరూ తమకు తాము దరఖాస్తు పెట్టుకోలేరు. ఏడాది తొలి నెలల్లో సభ్యులు పేర్లు ప్రతిపాదిస్తారు. ఒక పేరుకు నలుగురు సభ్యుల సంతకాలు కావాలి. ఆ నలుగురిలో కనీసం ఇద్దరు వేరే సంస్థకు చెందినవాళ్ళై ఉండాలి. సొంత గుంపు మాత్రమే మెచ్చుకుంటే చాలదు. తరువాత సభ్యులందరూ ఓటు వేస్తారు.

గుడి బడిలో మా పంతులుగారు ఒక మాట అనేవారు. తెలుగులో ‘నలుగురు’ అంటే నాలుగు మనుషులు మాత్రమే కాదు, లోకం అని. నలుగురూ ఏమనుకుంటారు, నలుగురిలో మంచి పేరు, నలుగురూ నడిచే దారి. చాట్స్‌వర్త్‌లో ఆ గుడి వెనక గదిలో పెద్ద బాలశిక్ష పట్టుకుని కూర్చున్న నాకు అది వింతగా ఉండేది. అకాడమీ నియమం చదివినప్పుడు అర్థమైంది. పని మనదే, కానీ ఆ పనిని చూసి మన పేరు రాయడానికి నలుగురు కావాలి.

దీనిలో న్యాయం ఉంది, చిక్కూ ఉంది. ఆ గదిలో నిన్ను ఎరిగినవాళ్ళు లేకపోతే నీ పేరు ఎవరు రాస్తారు? మా నాన్న తరానికి ఆ గదిలో ఎవరున్నారు?

ఇప్పుడు ఉన్నారు. 2012 నుంచి 2016 దాకా అస్సాఫ్ అధ్యక్షుడి పేరు దయా రెడ్డి. కేప్ టౌన్ విశ్వవిద్యాలయంలో గణిత ఆచార్యుడు. 2018లో ప్రపంచ సైన్సు సంస్థలు కలిసి పారిస్‌లో ఇంటర్నేషనల్ సైన్స్ కౌన్సిల్‌ను ఏర్పాటు చేసినప్పుడు, దాని మొదటి అధ్యక్షుడు కూడా ఆయనే. ఖురైషా అబ్దుల్ కరీమ్ పేరు మీరు విని ఉంటారు. చెరకు పట్టణం టోంగాట్‌లో పుట్టిన ఆమె డర్బన్-వెస్ట్‌విల్‌లో చదివింది. టెనోఫోవిర్ అనే మందు కలిపిన జెల్ వాడిన ఆడవాళ్ళలో హెచ్ఐవి సోకడం 39 శాతం తగ్గిందని 2010లో ఆమె, ఆమె భర్త సలీమ్ అబ్దుల్ కరీమ్, వాళ్ళ బృందం చూపించారు. తరువాత ఆమె వరల్డ్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కు మొదటి మహిళా అధ్యక్షురాలైంది.

ఏడాది మధ్య: నివేదికలు

పేర్ల పని ఒకవైపు సాగుతుంటే ఏడాది పొడుగునా ఇంకో పని సాగుతుంది. సౌత్ ఆఫ్రికన్ జర్నల్ ఆఫ్ సైన్స్ అనే పత్రిక రెండు నెలలకొకసారి వస్తుంది. ఎవరైనా డబ్బు కట్టకుండా చదవచ్చు. బడి పిల్లల కోసం క్వెస్ట్ అనే పత్రిక ఉంది. డర్బన్‌లో పనిచేసేటప్పుడు నా తరగతి బల్ల మీద దాని పాత సంచికలు ఉండేవి. మార్చితో లెక్కల ఏడాది ముగుస్తుంది. ఖర్చు ఎంత, పని ఎంత అని పార్లమెంటుకు లెక్క చెప్పాలి.

అన్నిటికంటే బరువైన పని నివేదికలు. దేశానికి ఒక పెద్ద ప్రశ్న వచ్చినప్పుడు అకాడమీ కొందరు నిపుణులను కూర్చోబెడుతుంది. వాళ్ళు ఉన్న సాక్ష్యాలన్నీ చదువుతారు, వాదించుకుంటారు, రాస్తారు. ఆ రాసినదాన్ని ఇంకొందరు బయటివాళ్ళు పరీక్షిస్తారు. ఆ తరువాతే పేర్లు పెట్టి బయటికి ఇస్తారు.

2007 సంగతి చెబుతాను. అప్పుడు మా దేశంలో ఎయిడ్స్‌తో ఇంటింటా చావులు. మా బడిలో శుక్రవారం మధ్యాహ్నం తరగతులు సగం ఖాళీగా ఉండేవి, పిల్లలు అంత్యక్రియలకు ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు. ఆనాటి ఆరోగ్య మంత్రి వెల్లుల్లి, నిమ్మకాయ, బీట్‌రూట్ గురించి గట్టిగా చెప్పేవారు. 2006లో టొరంటో ఎయిడ్స్ సమావేశంలో మా దేశం దుకాణంలో అవే పెట్టారు. ఆ మరుసటి ఏడాది అస్సాఫ్ నిపుణుల నివేదిక వచ్చింది. మంచి తిండి అందరికీ అవసరమే, కానీ ఏ ఆహారమూ ఎయిడ్స్ మందుకు బదులు కాదని అందులో తేల్చారు. ప్రభుత్వం ఇచ్చే డబ్బుతో నడిచే సంస్థ, ప్రభుత్వానికి రుచించని మాటను పేర్లు పెట్టి రాసింది.

మందు ఆలస్యం అయినందువల్ల 2000 నుంచి 2005 దాకా 3,30,000 మందికి పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు 2008లో లెక్క కట్టారు. పోయినవాళ్ళకు నివేదిక అందలేదు. ఆ తరువాతివాళ్ళకు మందు అందింది. సరైన మాట రాయడమే కాదు, వేళకు రాయడం కూడా ముఖ్యమని అందుకే అంటాను.

దోహాలో ఉన్న మాకు ఇలాంటిదే ఒకటి కళ్ళ ముందు జరిగింది. అది అకాడమీ పని కాదు, కానీ దారి అదే. 2019 ఎండాకాలంలో గ్రీసులోని థెస్సలీ విశ్వవిద్యాలయం వాళ్ళు, అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఇక్కడి కార్మిక శాఖ కలిసి, పనిచేసే చోటే పనివాళ్ళ ఒంటి వేడిని కొలిపించారు. 2021లో నియమం మారింది. ఇప్పుడు జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా, పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని చేయించకూడదు. ఇదివరకు 11:30 నుంచి 3 దాకా మాత్రమే, అదీ జూన్ 15 నుంచి ఆగస్టు ఆఖరు వరకు. ఎండ, ఉక్క, గాలి కలిపి కొలిచే ఒక లెక్క ఉంది. అది 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళలోనైనా పని ఆపాలి.

నా కిటికీ కింది బస్సులు ఎండాకాలంలో ఇంకా చీకటితోనే వెళ్తాయి. అందులో కూర్చున్న వాళ్ళకు ఆ 32.1 ఎవరు కొలిచారో తెలియదు. మా ముత్తాత తోటలో ఎంత వేడికి పడిపోయేవారో ఎవరూ కొలవలేదు.

అక్టోబరు: పండగ

ఏడాది చివరికి వస్తున్నప్పుడు, ఎక్కువగా అక్టోబరులో, అకాడమీ సభ జరుగుతుంది. కొత్త సభ్యుల పేర్లు పిలుస్తారు. సమాజానికి ఉపయోగపడిన సైన్సుకు బంగారు పతకం ఇస్తారు. యువ శాస్త్రవేత్తల సమావేశం కూడా ఏటా జరుగుతుంది. 2011 నుంచి వాళ్ళకు వేరే యువ అకాడమీ కూడా ఉంది.

ఆ సభ ఫోటోలు చూస్తూ నాకు సంతోషం కలిగింది, వెంటనే సిగ్గు కలిగింది. ఎందుకో చెప్పాలి.

మూడేళ్ళ క్రితం ఇక్కడ నా తరగతిలో ఒక తెలుగు అమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్న ఏసీ మెకానిక్. ఆ పిల్ల ప్రశ్నలకు ఇంటికి వెళ్ళి చదువుకుని వచ్చి జవాబు చెప్పాల్సి వచ్చేది. ఒక రోజు వచ్చి, ‘మిస్, సెలవుల్లో ఒక సైన్సు శిబిరం ఉంది. ఇద్దరు టీచర్ల ఉత్తరాలు కావాలి. ఒకటి మీరు రాస్తారా?’ అంది. ‘తప్పకుండా రాస్తానమ్మా’ అన్నాను. అది పరీక్షల కాలం. దిద్దవలసిన పేపర్లు కుప్పగా ఉన్నాయి. శనివారం రాత్రి గుర్తొచ్చింది. గడువు గురువారంతో అయిపోయింది.

ఆదివారం ఆ పిల్లకు చెప్పాను. ‘పర్లేదు మిస్’ అంది. ఇంకోసారి నన్ను ఏమీ అడగలేదు. ఇప్పుడు హైదరాబాదులో బీకాం చదువుతోంది, బాగానే ఉంది. నా ఉత్తరం ఉంటే సైన్సులోనే ఉండేదని నేను అనను. కానీ ఆ తలుపు దగ్గర ఆమెకు కావలసింది ఇద్దరి సంతకాలు. ఒకటి వచ్చింది. రాని రెండోది నాది.

నవంబరు: మన రోజు

అకాడమీ పండగ అయ్యాక నవంబరు వస్తుంది. 16వ తేదీ మీకు గుర్తే. 1860లో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ డర్బన్ చేరిన రోజు. ఆ రోజు మనం దీపం పెడతాం, పెద్దల పేర్లు చదువుతాం. మంచిదే.

ఈసారి ఆ రోజుకు ఇంకొక పని కలపండి. మీ గుడిలో, మీ బడిలో, మీ వీధిలో బాగా చదివే పిల్ల ఒకరు ఉంటారు. స్కాలర్‌షిప్‌కో, శిబిరానికో, కాలేజీకో ఎవరైనా పెద్దవాళ్ళ ఉత్తరం కావాలి. అడగడానికి వాళ్ళకు మొహమాటం. మీరే అడగండి. మీరు టీచరు కానక్కరలేదు. నర్సు, బ్యాంకు ఉద్యోగి, గుడి కమిటీ కార్యదర్శి, ఎవరైనా సరే. ‘ఈ పిల్లను నేను ఎరుగుదును, ఫలానా పని చేయగా చూశాను’ అని రాసి సంతకం పెట్టండి. గడువు తేదీని వంటింటి క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో రాసుకోండి. నేను ఇప్పుడు అలాగే చేస్తున్నాను.

ఇది రాస్తుంటే నా బల్ల మీద మూడు ఉత్తరాలు ఉన్నాయి. రెండు పూర్తయ్యాయి. మూడోదానికి గడువు వచ్చే బుధవారం. ఈ వ్యాసం ముగించి అది రాస్తాను.