జీవ ఇంధనము: అసలును, వడ్డీయు

హైదరాబాదు నగరమునకు తూర్పున, ఉప్పల్ దాటి కొంతదూరము పోయినచో చెంగిచెర్ల వచ్చును. అచ్చట రిజర్వు అడవి గలదు. నగరపాలక సంస్థవారి కబేళా గలదు. భారత వ్యవసాయ పరిశోధనా మండలివారి మాంస పరిశోధన సంస్థయు గలదు. అడవిలో కట్టె యున్నది. కబేళాలో పేడ, నెత్తురు, పశువుల కడుపులో అరగక మిగిలిన మేత యున్నవి. ఈ రెండింటికిని శాస్త్రజ్ఞులు పెట్టిన పేరొక్కటే: జీవద్రవ్యము. రెండింటి నుండియు శక్తిని పొందవచ్చును. కాని అది తరుగని శక్తియేనా యని ప్రశ్నించినచో, రెండింటికిని ఒకే సమాధానము చెల్లదు.

మొదట కట్టె మాట. చెట్టు తాను గాలినుండి గ్రహించిన బొగ్గుపులుసు వాయువునే కాలునపుడు తిరిగి యిచ్చును. కావున నష్టము లేదని కొందరందురు. నరికిన చోట మరియొక చెట్టు ఎదిగిననే ఈ లెక్క సరిపోవును. కాలుటకు గడియ చాలును. ఎదుగుటకు ఏండ్లు పట్టును. అడవి అసలు, ఏటేటి పెరుగుదల వడ్డీ. వడ్డీతో బ్రతుకువానికి కొరత లేదు. అసలు తినువానికి మిగులు లేదు.

కట్టె మాట యట్లుండ, పంటల వ్యర్థమునకును హద్దు గలదు. 2000 తరువాతి సంవత్సరములలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌నందు వరి ఊక, సర్కారు తుమ్మ కట్టె మున్నగువానితో విద్యుత్కేంద్రములు వెలసినవి. ఒక యూనిటు విద్యుత్తుకు కిలోకు మించిన ఇంధనము కావలయును. అనగా 6 మెగావాట్ల కేంద్రమునకు దినమునకు సుమారు 150 టన్నులు! మిల్లులకు బరువైన ఊక, కొనువారు పెరుగగానే సరకైనది, ధర హెచ్చినది, కొన్ని కేంద్రములు మూతపడినవి.

కబేళా వ్యర్థము తీరు వేరు. అందు నీరే అధికము, కాల్చుటకు పనికిరాదు. కాని గాలి చొరని తొట్టిలో సూక్ష్మజీవులు దానిని మీథేను వాయువుగా మార్చును. 1776లో ఇటలీ శాస్త్రజ్ఞుడు ఓల్టా సరస్సు బురదనుండి లేచిన బుడగలను పట్టి, వెలిగించి చూచిన వాయువిదియే. వ్యర్థము ఆరుబయట గుట్టలుగా క్రుళ్లినను మీథేను పుట్టును. నూరేండ్ల లెక్కలో అది తనతో సమానమైన బరువుగల బొగ్గుపులుసు వాయువుకన్న సుమారు 28 రెట్లు వేడిని పట్టియుంచును. దానిని తొట్టిలో పట్టి మండించుట ఇరువిధముల మేలు. అయితే నెత్తురులో నత్రజని మెండు. అది అమ్మోనియాగా మారి సూక్ష్మజీవులను అణచివేయును. అందుచే గడ్డి, కూరగాయల చెత్త కలిపి, నత్రజని 1 పాలుకు కర్బనము 20 నుండి 30 పాళ్లుండునట్లు చూడవలయును.

చెంగిచెర్లకు ఎంతో దూరము కాని తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థవారు ఇట్టి విధానము నొకదానిని రూపొందించిరి. బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో దానితో దినమునకు 10 టన్నుల చెత్తనుండి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు తీసిరి. 2021 జనవరిలో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగమున దీనిని ప్రస్తావించిరి. టన్నుకు 50 యూనిట్లే! దీనితో నగరమంతయు వెలుగదు. కాని దుర్గంధము తగ్గును. మిగిలిన మడ్డి ఎరువై పొలమునకు పోవును.

కావున విద్యార్థులు జీవ ఇంధనమును గూర్చి వినినపుడెల్ల మూడు ప్రశ్నలు వేయవలయును. ఇది ఎచ్చటిది? దీనిని ఇదివరకే వాడుకొనువారెవరు? నేలకు తిరిగి పోవునదెంత? ఈ మూడింటికిని సరియైన జవాబున్న శక్తియే తరుగని శక్తి.